కళింగపట్నంలో పన్నెండు కాయితాలు, ఒక పసుపు మొహం

మీట నొక్కగానే ఫొటో నాలుక చాపినట్టు బయటికొచ్చే కెమెరాలు మళ్ళీ మోజులోకి వచ్చాయట. రీలు వేసి తీసే పాతకాలం కెమెరాలకి కూడా ఇప్పుడు గిరాకీయేనట. ఆ మోజులో పడ్డవాళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు, "ఫిలిం కెమెరా పట్టుకుని మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎటు వెళ్తే బాగుంటుందండీ?" అని. నేను తడుముకోకుండా కళింగపట్నం అంటాను. కాకపోతే వెళ్ళేముందు, నేను మొదటిసారి అక్కడికి ఎందుకు వెళ్ళానో, ఎలా బయటపడ్డానో చదవండి. దారీ తెలుస్తుంది, కెమెరా బుద్ధీ తెలుస్తుంది. అది అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో సరిగ్గా చెప్పలేను. జూన్ మొదటి వారం అన్నది మాత్రం ఖాయం. ఆ రోజు నా చొక్కా ఎన్నిసార్లు తడిసి ఎన్నిసార్లు ఆరిందో ఇంకా నా వీపుకి గుర్తుంది.

నేనప్పుడు విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో టైమాఫీసు గుమాస్తాని. చదువు ఎనిమిదితో సరి. మిగతాదంతా జనం పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే. గంటస్తంభం దగ్గర ఒకాయన మినిట్ కెమెరాతో ఫొటోలు తీసేవాడు. మూడుకాళ్ళ మీద ఒక చెక్కపెట్టె, ముందు కటకం, పక్కన నల్లగుడ్డ తొడుగు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కటకం మీది మూత తీసి, ఒకటి రెండు లెక్కపెట్టి మళ్ళీ మూసేవాడు. తొడుగులోంచి చెయ్యి పెట్టెలోకి దూర్చి ఏదో కెలికేవాడు. కాసేపటికి తడి ఫొటో చేతిలో పెట్టేవాడు. ఇప్పటి పిల్లలు "ఇన్‌స్టంట్" అని మురిసిపోతారుగానీ, మా గంటస్తంభం దగ్గర అది ఎప్పుడో ఉంది. ఆ కెలికే పని ఏమిటో చెప్పమంటే ఆయన చెప్పేవాడు కాదు. "పోయి ఉజ్జోగం సూసుకో బాబూ" అనేవాడు. ఆరు నెలలు ఆదివారాలన్నీ అక్కడే నిలబడి నేనే కనిపెట్టాను.

కనిపెట్టింది ఇది. పెట్టె లోపల రెండు రేకు పళ్ళేలుంటాయి. ఒకదానిలో బొమ్మ తేల్చే మందు, రెండోదానిలో ఆ బొమ్మని నిలబెట్టే హైపో. ఫొటో కాయితం మీద ముందు తిరగబడిన బొమ్మ, అంటే నెగటివు, వస్తుంది. తెల్లమొహం నల్లగా, నల్లజుట్టు తెల్లగా. దాన్ని కటకం ముందు ఒక చెక్కకి అంటించి మళ్ళీ ఫొటో తీస్తే, అప్పుడు అసలు మనిషి బయటపడతాడు. అంటే ఒక్క ఫొటోకి రెండు కాయితాలు కావాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు నా ప్రాణం ఈ లెక్కలోనే ఇరుక్కుంటుంది.

మా అక్క మొగుడు సింహాచలం బావ వడ్రంగి. పనసచెక్కతో పెట్టె ఆయన చేశాడు, పాతసామాన్ల అంగట్లో కటకం నేను సంపాదించాను. తీరా చేశాక మా వీధిలో మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ చీకటే వచ్చింది. ఒక స్టూడియో ఆయన వచ్చి చూసి, చింతపండు దాచుకోవడానికి బాగుంటుందన్నాడు. ఆ మాట తరవాత విజయనగరంలో ఆ పెట్టె తెరవబుద్ధి కాలేదు. నన్ను ఎరిగిన ప్రాణి ఒక్కటీ లేని చోటు, వెలుతురు ధారాళంగా ఉండే చోటు కావాలి. కళింగపట్నం అలా వచ్చింది నా తలకాయలోకి. పరువు పోయినా సముద్రంలోనే పోతుంది కదా అని.

ఒక శుక్రవారం సెలవు పెట్టి, తెల్లవారుజామున అయిదింటి పాసెంజరుకి బావా నేనూ బయల్దేరాం. టిక్కెట్టు మనిషికి రూపాయిన్నర లోపే. బొగ్గింజను కాబట్టి కిటికీ దగ్గర కూర్చున్నవాడు దిగేసరికి ఒక రంగు మారతాడు. ఏడుంపావుకి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాం. ఇక్కడ ఒక మాట. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, దిగిన ఊరు ఆమదాలవలస. శ్రీకాకుళం కావాలంటే ఆ రోడ్డు పట్టుకుని ఇంకా ఎనిమిది మైళ్ళు వెళ్ళాలి. ఇది తెలియక స్టేషన్ బయట నిలబడి ఊరిని వెతికిన పెళ్ళివారిని నేను కళ్ళారా చూశాను. అక్కడ ఇడ్డెన్లు తిని, బస్సెక్కి ఎనిమిదింటికి శ్రీకాకుళం చేరాం.

శ్రీకాకుళం బస్టాండులో ఒక కానిస్టేబులు మా పెట్టెని చూశాడు. ఏజెన్సీ కొండల వైపు నక్సలైటు గొడవలు నడుస్తున్న రోజులు. నల్లగుడ్డ చుట్టిన చెక్కపెట్టె ఎవరు మోసుకెళ్తున్నా అడుగుతారు, అడగాలి కూడా.

"ఏటది?"

"కెమెరా అండి."

"కెమెరా అంటే ఇంతుంటాది." బొటనవేలూ చూపుడువేలూ చాచి చూపించాడు. "ఇదేటి, శవాల పెట్టెలాగున్నాది? ఇప్పు."

ఇప్పితే లోపలి కాయితాలకి వెలుతురు తగిలి అన్నీ చచ్చిపోతాయి. పన్నెండే ముక్కలు తెచ్చాను. అది చెబితే ఆయనకి అనుమానం ఇంకా పెరిగింది. అప్పుడు బావ ముందుకొచ్చాడు. "అయ్యా, ఇప్పక్కర్లేదు. ఈ తొడుగులో సెయ్యెట్టి తడిమి సూడండి. ఏటైనా ఉంటే నన్ను తీసుకుపోండి, మా బావమరిదిని ఒగ్గీండి. ఆడికి ఇంకా పెళ్ళవలేదు." కానిస్టేబులు మోచేతి దాకా చెయ్యి దూర్చి, రెండు ఖాళీ పళ్ళేలూ, ఒక కాయితాల పొట్లమూ తడిమి, నిరాశగా చెయ్యి తీసుకున్నాడు. "దీంతో ఫొటో వస్తాదా?" అన్నాడు. బావ నాకంటే ముందే జవాబిచ్చాడు: "ఇంతవరకూ రాలేదు బాబూ."

ఎనిమిదిన్నర బస్సు. మనిషికి ముప్పావలా, పెట్టెకి ఇంకో పావలా. గార అనే ఊరి మీదుగా ఇరవై మైళ్ళు ఉండదుగానీ, ప్రతి తాటిచెట్టు దగ్గరా ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, బస్సు ఆగుతుంది. పదింటికి కళింగపట్నంలో దిగాం. ఓడలు రావడం మానేసి చాలా ఏళ్ళయిన రేవు అది. దీపస్తంభం, కూలిన గోడౌన్ల గోడలు, ఇసుకలో బోర్లించిన తెప్పలు, ఎండుతున్న నెత్తళ్ళ చేపల వాసన. ఎడంవైపు కాస్త నడిస్తే వంశధార సముద్రంలో కలిసే చోటు. ఫొటోలకి ఆ పొద్దున వెలుతురు ఎలా ఉందంటే, ఇసుక కింద నుంచి, ఆకాశం పైనుంచి, రెండు దీపాల మధ్య మనిషిని నిలబెట్టినట్టు.

వేడికి మందు పాడవకుండా పెట్టెకి తడి గోనె చుట్టాను. మిల్లు మనిషిని కదా, గోనెలకి కరువు లేదు. బావని ఒక తెప్ప పక్కన నిలబెట్టి, మూత తీసి, రెండు లెక్కపెట్టి మూశాను. పెట్టెకి బిగించిన ఎర్రద్దం ముక్కలోంచి లోపలికి చూస్తుంటే, పళ్ళెంలో కాయితం మీద మెల్లగా ఒక చొక్కా, ఒక చెవి, తరవాత బావ. ఆ నెగటివు బయటికి తీసేసరికి చుట్టూ చేపల గంపలు దించి పదిమంది ఆడవాళ్ళు. బావ మొహం దాంట్లో మసిబొగ్గు. "ఓలమ్మో, నిలువునా కాలిపోనాడు" అని ఒకామె నవ్వింది. దాన్నే మళ్ళీ ఫొటో తీసి రెండోది చేతిలో పెట్టాను. అచ్చం బావ. మీసంతో సహా. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆ క్షణంలో ఎవరైనా నన్ను పట్టుకోకపోయుంటే సముద్రం మీద నడిచి వెళ్ళిపోయేవాణ్ణి. పన్నెండులో రెండు ఖర్చు. పది ఉన్నాయి.

అప్పుడు ఆ గుంపులోంచి ఒక అమ్మాయి ముందుకొచ్చింది. పద్ధెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. చేతిలో మడత పెట్టిన పెద్ద కాయితం. పేరు సత్యవతి అని చెప్పింది. వెనకాలే ఆమె మామ్మ, అప్పలనరసమ్మ. ఊరి చివర వరిపొలం, కొబ్బరితోట ఉన్న రైతు కుటుంబం వాళ్ళది.

"బాబూ, పాస్‌పోర్టు సైజు రెండు తీస్తారా? ఇప్పుడే కావాల," అంది సత్యవతి.

సంగతి ఇది. ఆ పిల్ల టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు పెడుతోంది. శ్రీకాకుళం స్టూడియోలో తీయించిన రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకటి దరఖాస్తు మీద, ఒకటి హాల్‌టిక్కెట్టు ముక్క మీద అంటించాలి. ఇంట్లో జిగురు లేక, అందరం చేసే పనే, అన్నం మెతుకులు మెదిపి అంటించి అరుగు మీద ఆరబెట్టింది. కోడి వచ్చి మెతుకుల కోసం రెండు ఫొటోల్లోనూ మొహాలు పొడిచేసింది. దరఖాస్తు రేపు సాయంత్రానికి విశాఖపట్నం ఆఫీసులో ఉండాలి. అంటే ఈరోజు మూడింటి బస్సుకి వెళ్ళే టపా సంచీలో పడాలి.

"శ్రీకాకుళం యెల్తే మూడ్రోజుల తరవాత రమ్మంటాడు స్టూడియో ఆయన. మా నాన్న ఈ ఒక్క ఏడే ఒప్పుకున్నాడు బాబూ. ఈసారి తప్పితే మరి మాటే ఎత్తొద్దన్నాడు." ఆ పిల్ల ఏడవలేదు. దరఖాస్తు మడత మాత్రం విప్పుతూ మళ్ళీ మడుస్తూ ఉంది. తండ్రి విత్తనాల కోసం కోటబొమ్మాళి వెళ్ళాడట, కోడి సంగతి ఆయనకింకా తెలియదు.

ఒక్క బొమ్మ వచ్చిన ధీమాలో ఉన్నాను. "ఇరవై నిమిషాల్లో ఇస్తాను" అన్నాను. అది విని ముసలమ్మ మనవరాలి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. "ఇలగే తీయించుకుంటావేటి? మొగం కడుక్కో, రా!" తిరిగొచ్చేసరికి పిల్ల తల నున్నగా దువ్వి, కొత్త చీర కట్టి, మొహం నిండా పసుపు పట్టించి బంగారంలా ఉంది. శుక్రవారం కదా. నాకూ ముచ్చటేసింది. తెల్లదుప్పటి ముందు స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను.

నెగటివు బయటికొచ్చింది. బావది నల్లగా వచ్చిన చోట ఈ పిల్ల మొహం తెల్లగా వచ్చింది. గుంపంతా కేరింత. "సూడు సూడు, ఎంత తెలుపొచ్చీసిందో!" ముసలమ్మ మాత్రం కళ్ళు చికిలించి, "జుట్టు కూడా నెరిసిపోనాదేటి బాబూ? నాకన్నా ముందే?" అంది. నెగటివులో మొహం తెల్లగా ఉంటే అసలు ఫొటోలో ఏమవుతుందో నాకొక్కడికే తెలుసు. అయినా ఆశ చావక రెండోది తీశాను. అనుకున్నట్టే వచ్చింది. మెడ మామూలుగా ఉంది, చెవులు మామూలుగా ఉన్నాయి, మధ్యలో మొహం కాటుకకాయ. కళ్ళు రెండూ తెల్లగా మెరుస్తున్నాయి. సత్యవతి చూసి, ఫొటో నాకే తిరిగిచ్చేసింది. ఎనిమిది కాయితాలున్నాయి.

వెలుతురు చాలలేదనుకున్నాను. ఇంకోటి తీశాను, ఈసారి నాలుగు లెక్కపెట్టాను. మెడ సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. మొహం అలాగే నల్లగా ఉంది. ఆరు మిగిలాయి. పదకొండున్నర దాటింది. ఇసుక కాలుతోంది. గోనె మీద నీళ్ళు పోస్తూ నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. ఈ సందులో బావ రేవు దగ్గర పాకలో ఒకావిడ వండిన చేపలపులుసు తిని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. "ఆవిడ నిన్నూ రమ్మంది. 'కెమెరా బాబు తినకుండా ఎండలో ఏటి సేస్తన్నాడు, పులుసు సల్లారిపోతాది' అంటంది," అన్నాడు. నేను గోనె తడుపుతూనే ఉన్నాను. బావ తన ఫొటో, ఆ పిల్ల ఫొటో పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఇదేటి ఇడ్డూరం రా! నానేమో తారు డబ్బా రంగు. నా మొగం బాగానే వచ్చినాది. ఆ పిల్ల పచ్చగా, పసుపుకొమ్ములాగుంటే, ఆ పిల్లకి మసి పూసీసినాది నీ పెట్టి."

పసుపుకొమ్ము అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా పెట్టెకి ఎర్రద్దం ఎందుకు పెట్టాను? ఎర్ర వెలుతురు ఆ కాయితానికి కనిపించదు కాబట్టి. దానికి ఎరుపు చీకటి. గంటస్తంభం ఆయన ఒక్కోసారి ఎర్రద్దం పగిలితే పసుపురంగు కాయితం అంటించుకునేవాడు, దానితోనూ పని నడిచేది. అంటే పసుపు కూడా ఆ కాయితానికి చీకటే! మనకి బంగారంలా కనిపించిన మొహం, నా పెట్టెకి అమావాస్య. నేను "పసుపు! పసుపు!" అని అరుస్తూ ఇసుకలో గెంతాను. గెంతిన విషయం బావ చచ్చేదాకా మా చుట్టాలందరికీ చెప్పాడు.

"మామ్మా, పిల్ల మొహాన పసుపు కడిగెయ్యాలి."

అప్పలనరసమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏటన్నావు?"

"పసుపు ఉంటే ఫొటోలో నల్లగా వస్తుంది."

"సుక్కురారం పూట, సదువుకి పోతన్న కాయితం మీద పసుపులేని మొగం అతికిస్తావా? నీ పెట్టికి బొమ్మ తియ్యడం సేతకాక నా పసుపు మీద పడ్డావా? పసుపు ఎక్కడైనా నలుపు అవుతాదేటి? తెల్లగా వచ్చిన ఫొటో నాను ఇందాక సూసినాను. అది ఇచ్చీ, సాలు."

ఆవిడ అడిగింది నెగటివుని. మొహం తెల్లగా, జుట్టు తెల్లగా ఉన్నది. దాన్ని అతికిస్తే ఆఫీసువాళ్ళు ఈ పిల్లని ట్రైనింగుకి కాదు, పింఛనుకి పంపుతారు. ఎంత చెప్పినా ముసలమ్మ వినలేదు. సత్యవతి బతిమాలింది. "నువ్వూరుకో. ఈ బాబు మాట పట్టుకుని అపశకునం సేసుకుంటామా?" అంది ముసలమ్మ. పన్నెండున్నర.

ఆవిడ చెయ్యి తిప్పి తిప్పి నన్ను తిడుతుంటే, ఆ చెయ్యి చూశాను. కుడిచెయ్యి పసుపు. మనవరాలికి పూసిన చెయ్యి. ఎడమచెయ్యి మామూలుగా ఉంది.

"మామ్మా, నీ చేతులు ఫొటో తీస్తాను. రెండూ పక్కపక్కన పెట్టు. నా మాట తప్పయితే ఆ తెల్లదే అంటిస్తాం."

"తియ్యి. నానేటి బెదురుతానా?"

ఆరింట్లో రెండు దీనికి పోతాయి. నాలుగు మిగులుతాయి. పిల్లకి నెగటివు ఒకటి, ఫొటోలు రెండు, మొత్తం మూడు కావాలి. ఒక్కటి తప్పితే గతి లేదు. తెలిసే తీశాను. ఆవిడ ఒప్పుకోకపోతే ఆరు ఉన్నా అరవై ఉన్నా ఒకటే కదా. రెండు చేతులూ తెల్లదుప్పటికి ఆనించి, అరచేతులు నా వైపు తిప్పి పెట్టింది. నెగటివు గుంపుకి చూపించలేదు, వాళ్ళ తీర్పు ఇందాక విన్నాను. నేరుగా రెండోది తీసి, నీళ్ళు కారుతున్న కాయితాన్ని ఆవిడ చేతిలోనే పెట్టాను. ఎడమచెయ్యి చెయ్యిలాగే ఉంది, గీతలతో సహా. కుడిచెయ్యి పొయ్యిలో పెట్టి తీసినట్టుంది.

ముసలమ్మ ఫొటో చూసింది, చెయ్యి చూసుకుంది, మళ్ళీ ఫొటో చూసింది. "నా సెయ్యే," అంది మెల్లగా. "ఈ ఉంగరం నాదే." తరవాత నా వైపు తిరిగి, "నీ పెట్టికి పసుపంటే కళ్ళు కనపడవన్నమాట. ముందే సెప్పొద్దా, దొంగసచ్చినోడా!" అంది. ఆ తిట్టు నాకు సన్మానంలా వినిపించింది.

ఈలోగా సత్యవతి పరుగెత్తుకెళ్ళి, కొబ్బరితోట బావి దగ్గర బట్టల సబ్బుతో మొహం రుద్దేసుకుని వచ్చింది. వస్తుంటే దూరం నుంచే చూశాను. మొహం ఎర్రగా ఉంది. రుద్దితే వచ్చిన ఎరుపు కాదు, పెళ్ళికూతురు పాదాల ఎరుపు. ఎరుపైతే నా కాయితానికి అసలే గుడ్డి.

"ఓసి పిచ్చిదానా! పసుపు మీద సబ్బు రాస్తే పారాణి అవుతాదని తెలీదేటి? సున్నం కలిపినా, సబ్బు తగిలినా ఎరుపే. ఇలా రా!" ఇప్పుడు ముసలమ్మదే రాజ్యం. కొబ్బరినూనె తెప్పించింది. మనవరాలి మొహానికి పట్టించి, తడి లేని పాత గుడ్డతో తుడిచింది. నూనెతో పసుపు గుడ్డకి దిగిపోయింది. మళ్ళీ నూనె, మళ్ళీ గుడ్డ. తరవాత శనగపిండి, చింతపండు నీళ్ళు చల్లి రుద్దింది. కళ్ళు మండుతున్నాయంటే, "మండనీ, పంతులమ్మవి అవుతావుగదా" అంది. ఇన్నేళ్ళుగా రసాయనాలు చదువుకున్నవాళ్ళని ఎంతోమందిని చూశానుగానీ, అంత చకచకా అంత సరిగ్గా పనిచేసినవాళ్ళని చూడలేదు. రెండయ్యేసరికి ఆ పిల్ల మొహం గోధుమరంగులో, కాస్త జిడ్డుగా, అసలు రూపుకి వచ్చింది.

నాలుగు కాయితాలు. కూర్చోబెట్టి తీశాను. నెగటివులో మొహం నల్లగా, బ్రహ్మాండంగా నల్లగా వచ్చింది. గుంపు "అయ్యయ్యో" అంది. నేను మాత్రం ఆ నలుపుని ముద్దు పెట్టుకున్నాను. మూడు. మొదటి ఫొటో దివ్యంగా వచ్చింది. రెండు. ఆ సంబరంలో రెండోది తీస్తుంటే గాలికి నెగటివు అంటించిన చెక్క ఊగి, బొమ్మ చెదిరింది. ఇక ఒక్కటి. బావ వెళ్ళి చెక్కని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి కూడా తీసుకోలేదు. మూత తీశాను, ఒకటి, రెండు, మూశాను. ఆఖరి కాయితం మీద సత్యవతి మెల్లగా తేలింది. కనుబొమల మధ్య చిన్న ముడి పడి ఉంది, గాలి వల్లో, ఆరాటం వల్లో. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. రెండు ముప్పావు.

పోస్టాఫీసు అంటే బడి అరుగు. బడిపంతులే పోస్టుమాస్టరు. ఫొటో మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే, సంచీ కట్టాల్సిందీ ఆయనే. మేం పరుగెత్తుకెళ్ళేసరికి బస్సు వచ్చి ఆగి ఉంది, సంచీకి లక్క కరుగుతోంది. ఆయన ఫొటోలు చూసి అదిరిపడ్డాడు. "తడిగా ఉన్నాయి కదయ్యా! దీని మీద సిరా పెడితే మీసాలొచ్చేస్తాయి."

అప్పుడు బస్సు డ్రైవరు తల బయటికి పెట్టాడు. "ఏటండీ గొడవ?" బావ రెండు ముక్కల్లో చెప్పాడు. డ్రైవరు దిగి, భుజం మీది తుండుతో బానెట్టు తుడిచాడు. "ఇక్కడ పరవండి. గార కాడినుంచి కుతకుతలాడతన్నాది. అప్పడం ఎట్టినా ఏగిపోతాది." వెల్లకిలా పరిచాం. బస్సులో వాళ్ళంతా దిగి చుట్టూ నిలబడి చూస్తున్నారు. "టైమైపోనాది, తియ్యవోయ్ బండి" అని ఎవరో అన్నారు. "పంతులమ్మ ఆరాల గదేటి," అన్నాడు డ్రైవరు. మూడు నిమిషాల్లో ఆరి, అంచులు పైకి లేచాయి. బ్లేడుతో కత్తిరించాను. పంతులుగారు బానెట్టు మీదే సర్కారు జిగురుతో అంటించి, సంతకం చేసి, ముద్ర కొట్టి, కవరు సంచీలో వేసి లక్క వేశారు. లక్క మీద ముద్ర పడ్డ చప్పుడుకి జనం చప్పట్లు కొట్టారు. సత్యవతి అప్పుడు ఏడ్చింది. ముసలమ్మ ఆ నల్లమొహం ఫొటో ఒకటి నా దగ్గర లాక్కుని, "ఇది నాకియ్యి. దీంట్లో పసుపున్నాది" అని కొంగున కట్టుకుంది.

అదే బస్సులో, ఆ సంచీ పక్కనే కూర్చుని వెనక్కి వచ్చాం. రాత్రికి విజయనగరం. పొద్దున్నుంచి నేను తిన్నది రెండు ఇడ్డెన్లు. అయినా ఆకలి తెలియలేదు. నెలన్నర తరవాత మిల్లు చిరునామాకి సత్యవతి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. సీటు వచ్చిందని, తన ఫొటో చూసి ఆఫీసులో గుమాస్తా "కోపంగా ఉన్నావేమ్మా" అన్నాడని, తను "కోపం కాదండీ, కళ్ళల్లో శనగపిండి" అని చెప్పిందని రాసింది.

ఆ తరవాత మంచి మంచి కెమెరాలు నా చేతుల్లోంచి పోయాయి. కొన్ని తళతళలాడేవి, కొన్ని వాటంతట అవే వెలుతురు కొలుచుకునేవి. ఏదీ నన్ను ఆ రోజంత మనిషిని చెయ్యలేదు. పాత కెమెరాలో సుఖమేమిటంటే, అది చూసే లోకం మనం చూసే లోకం ఒకటి కాదు. దానికి ఏవి కనపడవో తెలుసుకుంటేనే అది మన మాట వింటుంది. అది తెలుసుకోవడానికి పుస్తకం సరిపోదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, ఈ ఫొటో రాకపోతే నా బతుకు ఇంతే అని చూస్తూ ఉండాలి. అప్పుడు మాత్రమే మన బుర్ర నిజంగా పనిచేస్తుంది. నేను గెలిచానని ఊరంతా అంది. కానీ గెలిచింది ఒక పిల్ల పట్టుదల, ఒక ముసలమ్మ నూనె గుడ్డ. నేను మూత తీసి మూసేవాణ్ణి.

మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా: శ్రీకాకుళంలో పొద్దున్నే మొదటి బస్సు వేళ కనుక్కుని ఎక్కండి. తొమ్మిది దాటకుండా రేవులో ఉంటే తెప్పలు ఒడ్డుకొస్తూ కనిపిస్తాయి, వెలుతురు మెత్తగా ఉంటుంది. మీ దగ్గర ఎన్ని కాయితాలున్నాయో, రీలులో ఎన్ని ఫొటోలున్నాయో లెక్కపెట్టుకుని, అందులో సగం మాత్రమే మీవి అనుకోండి. మిగతా సగం అక్కడ ఎవరికో అవసరం పడుతుంది.